ఎనభై ఎనిమిదో గుడి గడప

సోమవారం ఉదయం శివరామ్ పదకొండు జపనీస్ నిఘంటువులను రెండు గుడ్డ సంచుల్లో సర్దుకొని పురసవాక్కంలో బస్సెక్కాడు. అవి భార్య కోకిలవి. షోళింగనల్లూరులో ఆమె ఇరవై ఏళ్ళు అనువాదకురాలిగా పనిచేసిన ఆఫీసులో ఇచ్చేద్దామని బయలుదేరాడు. కోకిల పోయి పదకొండు నెలలైంది. ఒక సంచి అడుగున, ఎవరికీ ఇవ్వని పుస్తకం ఇంకొకటి ఉంది.

జపాన్‌లో షికోకు అనే దీవి చుట్టూ ఎనభై ఎనిమిది బౌద్ధాలయాల యాత్ర ఉంది. ప్రతి గుడిలోనూ యాత్రికుడి పుస్తకంలో ఒక పేజీ మీద కుంచెతో రాసి ఎర్ర ముద్రలు వేసిస్తారు. ఆఫీసు పనిమీద వెళ్ళినప్పుడల్లా కోకిల నాలుగు రోజులు సెలవు కలుపుకొని కొన్ని గుళ్ళు చూసి వచ్చేది. అలా పద్నాలుగేళ్ళు. ఎన్నూరు థర్మల్ స్టేషన్‌లో షిఫ్టు దిగి వచ్చి శివరామ్ ఆటపట్టించేవాడు.

“తిరుత్తణి మెట్లెక్కమంటే మోకాళ్ళు నొప్పంటావు. ఆడ మాత్రం ఎనభై ఎనిమిదా?”

“ఆడ స్పెషల్ దర్శనం టికెట్టు లేదు కదండీ. వెనకనుంచి తోసేవాళ్ళూ లేరు.”

“ముద్ర కోసరమే కదా పోయేది?”

“దండం పెట్టకుండా వేయించుకుంటే అది పోస్టాఫీసు ముద్ర. తెలిసిందా?”

నిండిన పుస్తకాన్ని అక్కడ చనిపోయినవాళ్ళ శవపేటికలో పెట్టి పంపుతారని కూడా ఆమే చెప్పింది. “నాకూ అట్నే పంపండి. మనకి పెట్టె లేదు గాబట్టి నిప్పులో వేయండి, చాలు.”

పోయిన నవంబరులో డాక్టరు కాస్త ధైర్యం చెప్పగానే కోకిల వచ్చే అక్టోబరుకి ఇద్దరికీ టికెట్లు తీసింది. ఆఖరి గుడి భర్తతో కలిసి చూడాలని ఆమె కోరిక. కానీ ఆమె డిసెంబరు దాటలేదు. శ్మశానంలో పుస్తకం శివరామ్ చేతిలోనే ఉంది. ఒక ముద్ర తక్కువైన పుస్తకాన్ని నిప్పులో వేయడానికి చేయి రాలేదు. అక్టోబరులో వెళ్ళి ఆ ముద్ర వేయించి, సంవత్సరీకం నాడు ఆమెకు పంపుదామని ఇంటికి తెచ్చేశాడు.

పిల్లలు లేరు. కర్మ చేసింది తనే. జపాన్‌కి బయలుదేరే ముందురోజు అక్క చెల్లమ్మ వచ్చి కూర్చుంది.

“ఒరే శివా, ఏడాది తిరిగేదాకా కొండెక్కకూడదు, గుడి గడప దాటకూడదు. మరిచిపోయినావా?”

“అది మన గుడి కాదు కదక్కా.”

“ఎవురి గుడైతే ఏంరా? ఆడుండేది దేవుడు కాదా?”

ఆ మాట విమానంలో అతనితోబాటే వచ్చింది. అక్టోబరు పదహారు మధ్యాహ్నం రెండింటికి టాక్సీ ఆ గుడి ముందు ఆగింది. కొండ కింద రాతి మెట్లు, పైన కొయ్య ద్వారం. తెల్ల చొక్కాల యాత్రికులు వంగి నమస్కరించి లోపలికి పోతున్నారు. శివరామ్ మెట్ల దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. అక్కడ ఎవరూ చెప్పులు విడవడం లేదు. డ్రైవరు రెండుసార్లు చేతులు జోడించి ద్వారం వైపు చూపించాడు. ఇతను తల అడ్డంగా ఊపాడు. మైలతో లోపలికి పోతే ఆమె పద్నాలుగేళ్ళ పుణ్యానికి ఏమవుతుందోనని భయం. పుస్తకం డ్రైవరు చేతికిచ్చి పంపవచ్చు. కానీ అది పోస్టాఫీసు ముద్ర. ఐదింటికి ముద్రలు వేసే గది మూసేశారు. అతను చెప్పులు వేసుకొని టాక్సీ ఎక్కాడు. తెల్లారితే తిరుగు ప్రయాణం.

ఈ సోమవారం షోళింగనల్లూరు ఆఫీసులో కోకిల దగ్గర పని నేర్చుకున్న నివేదిత నిఘంటువులు అందుకుంది. అడుగున ఉన్న పుస్తకం కూడా తీసి, పేజీలు తిప్పి, చివర ఆగింది.

“అంకుల్, ఆఖరి గుడికి పోయినారు కదా. ఈ పేజీ ఖాళీగా ఉందే?”

గడప దాటకుండా తిరిగొచ్చిన సంగతి శివరామ్ చెప్పాడు. ఆమె అతని ఎదురుగా కుర్చీ లాక్కొని కూర్చుంది.

“ఆ తెల్ల చొక్కాలు ఎందుకో ఆంటీ చెప్పలేదా?”

“యూనిఫారం అనుకున్నాను.”

“పాడె మీద వేసే బట్ట అంకుల్ అది. ఇంట్లో ఎవరన్నా పోతేనే చానామంది ఆ యాత్రకి బయల్దేరేది. పోయినవాళ్ళ ఫోటో పట్టుకొని లోపలికే పోతారు. మైల ఉందని ఆడ ఎవరూ ఆపరు.”

శివరామ్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

“మూడు గంటలు నిలబడినానమ్మా,” అన్నాడు.

నివేదిత కాఫీ తెప్పించింది. అతను తాగలేదు. పుస్తకాన్ని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. ఖాళీ అయిన రెండో సంచిని మడిచి దాని మీద పెట్టాడు.

సంవత్సరీకానికి ఇంక పందొమ్మిది రోజులే ఉన్నాయి. పుస్తకంలో ముద్ర పడిన పేజీలు ఎనభై ఏడు.