గడప రాయి

ఆ ఊరికి వయసెక్కువ. మనిషికి వయసు మీద పడితే మూలన కూర్చోబెడతారు గానీ, ఊరికి వయసు మీద పడితే నెత్తిన పెట్టుకుంటారు. నగరం నుంచి రైలెక్కితే అరగంట ప్రయాణం. రాతి గోడలు, వాటి మీదికి పాకిన పూలతీగలు, ప్రతి తలుపు పక్కనా ఆ ఇల్లు ఏ కాలంలో కట్టారో చెప్పే ఇత్తడి పలక. ఒకప్పుడు గుర్రాలను కట్టేసిన కొట్టంలో ఇప్పుడు డాక్టరుగారి దంపతులు కాపురం ఉంటున్నారు. అన్ని సోకులు ఆ గుర్రాలు ఎరగవు పాపం.

ఇంతమంది కలవారి మధ్య పోస్టాయన కుటుంబం ఒకటి మిగిలిపోయింది. ఊరందరి ఉత్తరాలూ ఆయన చేతిమీదుగానే వెళ్లాలి, ఆయన పేరు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. ఇల్లు తాతగారి నాటిది. దాని విలువ ఆకాశానికంటింది గానీ గదులు మాత్రం పెరగలేదు. ముందొక గది, దాని వెనక వంటిల్లు, పైన వంగి నడవాల్సిన అటక, అంతే. వెనక గుమ్మం లేదు. రాకైనా పోకైనా వీధి తలుపే.

ఆయన భార్య ఆ ఊళ్లో కిటికీలు తుడిచేది. నిచ్చెనెక్కి ఊరంతా పైనుంచి చూసిన మనిషి. ఎవరింట్లో పరదాలు మారాయో, ఎవరు ఒంటరిగా భోంచేస్తున్నారో అన్నీ ఇంటికొచ్చి చెప్పి నవ్వించేది. ఒకరోజు ఆ నిచ్చెన జారింది. నడుం కింద ఒళ్లు చచ్చుబడింది. అప్పటినుంచి ముందు గదిలో మంచం. ఆ గది కిటికీలోంచి ఎదురింటి కప్పు, దాని మీద రెండు పావురాలు, ఇంకేమీ కనిపించవు.

"నన్ను వీధి చివరిదాకా తీసుకెళ్లండి, చాలు. నాకింకేం వద్దు," అనేది.

చక్రాల కుర్చీ కొన్నాడు. కానీ గుమ్మం దగ్గర మోకాలెత్తు రాతి గడప ఒకటుంది. తరాలుగా తొక్కితొక్కి నడుమ గుంట పడిన రాయి. వీధి మరీ ఇరుకు, ఆ రాయి మీంచి ఏటవాలుగా ఏదీ దించడానికి వీల్లేదు. మొదట్లో భార్యను వీపున వేసుకుని దాటించాడు. రెండోసారి కాలు జారి ఇద్దరూ ఆ రాయి మీదే పడ్డారు. ఆమె మోచేయి చీరుకుపోయింది. "ఇక మొయ్యొద్దు. మీరు కూడా పడిపోతే మనల్ని చూసే దిక్కుండదు," అంది. ఆ మాట నిజమే కాబట్టి ఆయన మళ్లీ వీపున వేసుకోలేదు.

రాయి తీసేసి ర్యాంపు కట్టుకుంటే సరిపోయేది. కానీ ఆ ఊళ్లో మేకు కొట్టాలన్నా కమిటీని అడగాలి. పాతదనం చెడకుండా కాపాడే కమిటీ అది. పోస్టాయన చెప్పులరిగేలా తిరిగాడు. వాళ్లు వచ్చారు, చూశారు, రాయిని చేత్తో నిమిరారు, ఫోటోలు తీసుకున్నారు. మంచం మీద మనిషిని కూడా పలకరించారు, కాదనను. వానలు పోయి చలి దిగింది. ఆమె చెంపలు పాలిపోయాయి.

చివరికి కమిటీ కార్యదర్శిగారు పళ్లబుట్ట పట్టుకుని గుమ్మంలోకొచ్చింది. మెత్తని మనిషి. చెప్పేదేదైనా చిలక్కి చెప్పినట్టు చెబుతుంది.

"ఒప్పించానండీ. రాయి తీసేసుకోవచ్చు. కానీ తాత్కాలికంగానే. రాయిని మాత్రం ఈ ఇంట్లోనే ఉంచాలి, బయట పెట్టకూడదు. మళ్లీ దాని చోట్లో దాన్ని పెట్టాలి కదా."

"మళ్లీ అంటే ఎప్పుడండీ?" అన్నాడు పోస్టాయన.

"అవసరం తీరిపోయాక," అందావిడ. అన్నాక ఆవిడ చూపు మంచం మీద పడింది. వెంటనే పళ్ల గురించి మాట్లాడింది, ఇంకో రెండు రోజులు ముగ్గనివ్వమని.

తాపీ మేస్త్రి వచ్చి రాయిని పెకలించి ర్యాంపు కట్టాడు. రాయి పెట్టడానికి ముందుగది తప్ప చోటు లేదు. మంచం పక్కన, గోడకి ఆనించి పెట్టారు. పోస్టాయన దానిమీద దుప్పటి కప్పాడు. కప్పాక ఇంకా అన్యాయంగా ఉందనిపించి తీసేశాడు.

ఆ సాయంత్రమే భార్యను బయటికి తీసుకెళ్లాడు. వీధి చివరిదాకా వెళ్లారు. ఆమె ప్రతి కిటికీనీ పేరుపేరునా పలకరిస్తున్నట్టు చూసింది. "ఎవరు తుడుస్తున్నారోగానీ మూలలు వదిలేస్తున్నారు," అంది. ఆయనకు ప్రాణం లేచొచ్చింది. వాకిట్లో నిలబడ్డ డాక్టరుగారు ర్యాంపును మెచ్చుకున్నాడు. "బాగా కుదిరిందండీ. అసలు కంటికి ఆనట్లేదు."

మర్నాడు కుర్చీ దగ్గరికి తెస్తే ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

"ఏం, ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. దాన్ని చూడండి. నేనెప్పుడు పోతానా, తన చోటికి తనెప్పుడు వెళ్తానా అని కాచుక్కూర్చుంది. కళ్లు తెరిస్తే అదే, మూస్తే అదే. దాన్ని పంపించండి. అప్పుడు నేనొస్తాను."

పోస్టాయన కార్యదర్శిగారి దగ్గరికి పరుగెత్తాడు. కమిటీ గదిలో ఓ మూల ఉంచండమ్మా, మీ కాళ్లు పట్టుకుంటాను అన్నాడు. పట్టుకునేవాడే, ఆవిడ వెనక్కి జరిగింది. "రాయే కదండీ. రాయి ఏం చేస్తుంది మనిషిని?" అంది. ఇంటికొచ్చేసరికి భార్య అన్నం ముట్టలేదు. ఆ పూటా ముట్టలేదు, మరుసటి పూటా ముట్టలేదు.

బుద్ధిమంతుడు చెడితే ఎలా ఉంటుందో ఆ ఆదివారం ఊరు చూసింది. పోస్టాయన గునపంతో రాయిని లేపి, కింద చెక్క పలక వేసి జరిపి, చక్రాల కుర్చీలోకి ఎక్కించాడు. కమిటీ గది గుమ్మంలో దించి రావాలని ఆయన ఆలోచన. కుర్చీ మనిషికి చేసింది గానీ రాయికి కాదని ఆ ఆవేశంలో తట్టలేదు. ర్యాంపు దిగి పది ఇళ్లు దాటాడో లేదో, రాళ్లు పరిచిన వీధిలో ఎడమ చక్రం ఇరుక్కుని మడతపడింది. రాయి జారి నేలను గుద్దుకుంది. వెనకొచ్చే కారు ఆగింది.

ఎన్నడూ లేనిది ఆ వీధి తలుపులన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. డాక్టరుగారు వచ్చాడు, పక్కింటి లాయరు వచ్చాడు, కార్లోంచి ఇద్దరు దిగారు. కార్యదర్శిగారు ఇంటి చెప్పులతోనే పరుగెత్తుకొచ్చి రాయి పక్కన మోకాళ్ల మీద కూర్చుని అంచులన్నీ తడిమి చూసింది. "ఏం కాలేదు, ఏం కాలేదు," అని ఊపిరి పీల్చుకుంది. పోస్టాయన నోరు తెరవబోతే డాక్టరుగారు భుజం తట్టాడు. "కంగారు పడకండి, మేమున్నాం కదా."

ఎవరో ఉన్ని కంబళి తెచ్చారు. దాన్ని రాయి కింద పరిచి నలుగురూ నాలుగు కొసలు పట్టుకుని, మెల్లగా, మెల్లగా అనుకుంటూ ఇంట్లోకి మోసుకెళ్లి మంచం పక్కన యథాస్థానంలో దించారు. బరువుకి తలలు వంచుకునే వచ్చారు, తలలు వంచుకునే వెళ్లారు. విరిగిన కుర్చీ వీధిలోనే ఉండిపోయింది. దాన్ని పోస్టాయన ఒక్కడే ఈడ్చుకొచ్చాడు.

భార్య వాళ్లు వెళ్లిన గుమ్మంకేసే చూస్తోంది. ఆమె కోప్పడుతుందనుకున్నాడు.

"ఈ ఊళ్లో నన్ను మోయడానికి నలుగురు దొరకరేమోనని ఎప్పట్నుంచో దిగులుగా ఉండేదండీ," అందామె. "దొరుకుతారు లెండి. రాయిని చోట్లో పెట్టాలి కదా, ఆ పూటే వస్తారు."

పోస్టాయన ఆమె చేయి పట్టుకున్నాడు. గదిలో కూర్చోడానికి ఇంకెక్కడా చోటు లేక, ఆ రాయి మీదే కూర్చుని ఏడ్చాడు.