సర్వర్ గదిలో మల్లెపూలు

కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ మామూలైన మొదటి వేసవిలో నాకు లాల్‌దర్వాజా పూల వ్యాపారుల పరపతి సంఘం బాధ్యత అప్పగించారు. సహకార సంఘాలకు కంప్యూటర్ సేవలందించే ఒక సంస్థలో నేను అప్పుడు డిప్యూటీ మేనేజర్‌ని. సంఘాల ఖాతాలు వాళ్ల ఆఫీసుల్లోని సర్వర్ల మీదే నడిచేవి. వాటిని క్లౌడ్‌కి, అంటే ఎక్కడో దూరాన ఉన్న పెద్ద కేంద్రంలో అద్దెకు తీసుకున్న కంప్యూటర్లకి, తరలించడం మా పని. ముందు పాలకవర్గం తీర్మానం చేయాలి. తర్వాత కొన్నాళ్లు పాతదీ కొత్తదీ కలిపి నడిపి, రెండూ సరిపోయాక పాత సర్వర్‌ని వెనక్కి తీసుకుంటాం.

సంఘం అధ్యక్షుడు యాదగిరి గారు. తెల్లవారుజామునే గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలు కొని తెచ్చి, చుట్టుపక్కల కొట్లకు వేసేవారు. మొదటి సమావేశంలోనే ఆయన, "డేటాకు తాళమేస్తమంటున్నరు గద మేడం, ఆ తాళంచెవి ఎవరి తాన ఉంటది?" అని అడిగారు. పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా అడగని ప్రశ్న అది. నాకు ముచ్చటేసింది. హెడ్డాఫీసుకు రాస్తే ఇంజనీర్లు బొమ్మలు గీసి మరీ జవాబిచ్చారు. రెండో సమావేశంలో నెట్ పోతే ఎలా అన్నారు. రెండో లైను వేయించాం. మూడోసారి, తగాదా వస్తే ఏ ఊరి కోర్టుకు పోవాలన్నారు. మా న్యాయ విభాగం అభిప్రాయం రాసి పంపింది. సభ్యులు అన్నీ శ్రద్ధగా విని, మాకు ధన్యవాదాలు చెబుతూ, సర్వర్ మాత్రం ఇక్కడే ఉండాలని తీర్మానించారు. హెడ్డాఫీసు ఆ సంఘాన్ని 'భద్రత పట్ల అత్యంత అవగాహన గలది'గా నమోదు చేసుకుంది.

ఈలోగా సర్వర్ మాటిమాటికీ ఆగిపోవడం మొదలైంది. బోనాలు దగ్గరపడుతున్నాయి. సరుకు కొనడానికి సభ్యులందరూ అప్పు తీసుకునేది అప్పుడే. సర్వర్ పూర్తిగా పోతే ఆ సీజనంతా పోయినట్టే. ఒక ఉదయం చెప్పకుండా వెళ్లాను. సంఘం మేనేజరు రహమత్ భాయ్ సర్వర్ గది తలుపుకు అడ్డంగా నిలబడ్డారు.

"తలుపు తెరిస్తె ఏసీ ఠండక్ అంత పోతది మేడం. సర్వర్‌కు మంచిది గాదు" అన్నారు.

ఆయన జాగ్రత్తను మెచ్చుకుని, అయినా తెరవమన్నాను.

లోపల తడిపిన గోనెసంచుల కింద మల్లెలు, గులాబీలు, లిల్లీలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. బంతిదండలు సర్వర్ పెట్టె మీద చూసి పూజ చేశారనుకున్నాను. చోటు చాలక పెట్టారట. పెట్టె తెరిస్తే ఫ్యాను లోపలికి లాగిన చామంతి రేకులు దోసెడు రాలాయి.

కబురందుకుని యాదగిరి గారు వచ్చారు. ఏమాత్రం తడబడలేదు. "సర్వర్ పోతె ఏసీ పోతది మేడం. మీ కాయిదంల గట్లనే ఉంది. ఏసీ పోతె మా పూలు పగటికే వాడిపోతయి" అన్నారు.

నిజమే. సర్వర్‌ని వెనక్కి తీసుకున్నప్పుడు దానికోసం ఇచ్చిన ఏసీని కూడా తీసుకోవాలని మా సర్క్యులర్‌లో ఉంది.

"మరి తాళంచెవి సంగతి?" అని అడిగాను.

"అది మా అల్లుడు రాసిచ్చిండు. వాళ్ల కంపెనీల గదే పని. ఇంక నాలుగైదు ప్రశ్నలున్నయి, అడగాల్నా?"

వద్దన్నాను. ఏసీని అక్కడే ఉంచమని హెడ్డాఫీసుకు రాశాను. పూలు కంప్యూటర్ పరికరాల కిందికి రావని జవాబొచ్చింది. సర్వర్ పోయాక ఆ గదిలో ఏ పరికరం మిగులుతుందో తెలపమన్నారు. ఇంటర్నెట్ రూటర్ అని రాశాను. టిఫిన్ డబ్బా అంత ఉంటుంది, రోహిణి కార్తెలో చాయ్ బండి మీద పెట్టినా పనిచేస్తుంది. కానీ దానితో వచ్చిన చిన్న పుస్తకంలో 'చల్లని, పొడి ప్రదేశంలో ఉంచవలెను' అని ఉంది. ఆ వాక్యాన్ని ఉదహరించాను. రూటర్ పేరు మీద ఏసీ మంజూరైంది. పూల తడికి ఆ గది పొడిగా ఉండదు కాబట్టి రూటర్‌ని బయట వరండా గోడకు తగిలించాం.

ఈసారి చాయ్ చల్లారకముందే ఏకగ్రీవంగా తీర్మానం అయిపోయింది. బోనాలకు ముందే ఖాతాలు క్లౌడ్‌లోకి చేరాయి, అప్పులు సమయానికి అందాయి. తర్వాత హెడ్డాఫీసు వారు డేటా భద్రత గురించి మిగతా అధ్యక్షులకు చెప్పమని యాదగిరి గారిని పిలిచారు. ఆయన అల్లుడిచ్చిన మిగతా ప్రశ్నలు తనే అడిగి, జవాబులూ తనే చెప్పి, శాలువా కప్పించుకుని వెళ్లారు.

క్లౌడ్‌కి ఎవరు ఒప్పుకుంటారో అంచనా వేయడానికి మా దగ్గర ఒక ప్రశ్నావళి ఉండేది. ఖర్చు, భద్రత, నెట్ వేగం, సిబ్బంది శిక్షణ, అన్నీ అందులో ఉన్నాయి. పాత యంత్రంతో పాటు ఇంకేం పోతుందన్న ప్రశ్న మాత్రం లేదు. మనుషులు కొత్తదాన్ని కాదనేది చాలాసార్లు ఆ పోయేదాని గురించే. కానీ అది నోటితో అడిగితే చెప్పరు. అందుకే ఆ తర్వాత ఏ సంఘానికి వెళ్లినా ముందు సర్వర్ గది చూపించమనేదాన్ని. చాంద్రాయణగుట్టలో ఒక సంఘం భద్రత మీద గట్టి అభ్యంతరాలు పంపింది. వెళ్లి చూస్తే ఆ గదిలో అధ్యక్షుడి మామగారు మంచం వేసుకుని నిద్రపోతున్నారు. ఆయన లేచాకే సమావేశం మొదలుపెట్టాం.