మిషను నొసలు

ఆ రోజుల్లో నాకు దెయ్యాలంటే భయం లేదు గానీ, మా జిన్నింగు మిల్లులో కొత్తగా దిగిన మిషనంటే ఉండేది. మొదటిరోజు పూజ కాగానే అది తెల్లటి పత్తినంతా చెత్తలోకి ఊదేయడం మొదలుపెట్టింది. అందరూ నా వైపు చూశారు.

అప్పట్లో ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో ఆదోనికి పోయి పత్తి నాణ్యత చూసేవాణ్ని. (చూడటమంటే, ఆడవాళ్లు పత్తిలోంచి వెంట్రుకలు, రంగు దారాలు, గుట్కా కాగితాలు ఏరుతుంటే, వెనక నిలబడి పెద్దమనిషిలా దగ్గడం.) ఇల్లు కట్టుకోవడానికి దాచినదంతా పోసి మా మిల్లు సావుకారు కెమెరా మిషను తెచ్చాడు. వేరే రంగు కనబడితే చాలు, గాలితో ఊదేస్తుందట. అంత పోసినప్పుడు కూలి డబ్బులన్నా మిగలాలి కదా అన్నది ఆయన బాధ. ఎవరు ఉంటారో ఎవరు పోతారో అన్నది మా బాధ. ఏరేవాళ్లలో పెద్దదైన గోనెగండ్ల ఊరి అక్క, "మేమన్నా కూలికి పోతాం. నీ సంగతేందప్పా? దగ్గేదానికి యాడ పని దొరుకుతాది?" అనేది. నవ్వేవాణ్ని. ఇంటికెళితే అన్నం దిగేది కాదు.

పూజలో టెంకాయ కొట్టి, సావుకారు కుంకుమ భరిణె నా చేతికిచ్చాడు. "నొసలు సూసి బొట్టు పెట్టప్పా, దిష్టి తగుల్తాది." మిషనుకు నొసలు ఎక్కడుంటుంది? చుట్టూ తిరిగాను. ఎదురుగా నున్నటి గాజుబిళ్ల మెరుస్తుంటే అదేననుకొని, నా ఉద్యోగం నిలబెట్టు తల్లీ అని మొక్కుకుంటూ రూపాయంత బొట్టు పెట్టాను. అది దాని కన్ను. ఇక దానికి లోకమంతా ఎర్రగానే కనబడింది.

"కెమెరాకు కుంకుమ ఎవరు పెట్టారు?" అన్నాడు మిషను బిగించిన ఇంజనీరు.

నేను కుంకుమ భరిణె వెనక దాచుకున్నాను. అక్కే అందుకుంది. "ముత్తైదు కళ వచ్చింది లే సారూ. ఇంగ మా పక్కన కూసోబెట్టు, ఏరడం నేర్పిస్తాం."

ఆడవాళ్లంతా పగలబడి నవ్వారు. సావుకారు మాత్రం నవ్వలేదు. "తుడువప్పా," అన్నాడు.

గుడ్డ అందుకున్నాను. తుడిస్తే వాళ్ల పని పోతుంది, తుడవకపోతే నా పని. తుడిచాను. మిషను ఒక్క వెంట్రుకనూ వదల్లేదు. వెనక నవ్వులు ఆగిపోయాయి.

ఆ వారంలోనే అక్కతో సహా సగంమందిని, కబురు పెడతామని చెప్పి ఇంటికి పంపేశారు. నన్ను ఉంచారు, పొద్దున్నే ఆ గాజు తుడవడానికి. క్వాలిటీ చూస్తున్నానని ఇంట్లో గొప్పగా చెప్పుకున్న ఆ కుర్రాణ్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఇన్నేళ్ల తర్వాత మొన్న బస్టాండులో అక్క కనబడి, "మమ్మల్ని పనికి పిలిచేదాని గురించి సావుకారు ఏమన్నా సెప్పినాడా అప్పా?" అని అడిగింది.

"ఇంకా చెప్పలేదక్కా," అన్నాను.