ఆర్బిన్ కాడిల్ చావుపాట

వెర్లీన్ స్టిడమ్ గురించి కెంటకీ కొండల్లో మూడు మాటలు తిరుగుతున్నాయి. పేరు కోసం బతికున్న మనిషిని పాటలో చంపిందని ఒకటి. రేడియోవాళ్లు ఆమెను వెళ్లగొట్టారని మరొకటి. పాట నిలబడేదాకా ఎవరికీ కనిపించవద్దని ఆర్బిన్ కాడిల్‌ను బతిమాలిందని మూడోది. మూడింటికీ ఆధారం లేదు.

వెర్లీన్ కంట్రీ పాటలు తానే కట్టి, గిటార్ మీద తానే పాడే మనిషి. తన ఊరి రేడియోలో ఇరవై ఆరేళ్లుగా శనివారం ఉదయం పాట ఆమెదే. అదే రేడియోలో రోజూ మరణవార్తలు చదువుతారు. ఒక శుక్రవారం ఆర్బిన్ కాడిల్ పేరు వినబడగానే, రొట్టె మాడుతున్న వాసన వచ్చి ఆమె వంటింట్లోకి పరుగెత్తింది. వయసు వినలేదు. ఊరి వాగు ఒడ్డున ఉండే బాబాయికీ అబ్బాయికీ అదే పేరు. బాబాయి మోకాలి నొప్పితో గడప దాటని ముసలాయన. ఆమె ఎరిగినది కలప కోసే కోతమిల్లులో పనిచేసే అబ్బాయిని. మంచు దారులు మూసేసేంతగా కురిసిన ఏడాది తెల్లవారేసరికి ముసలివాళ్ల గుమ్మాల్లో బొగ్గు బస్తాలు పెట్టిపోయింది అతడేనని అందరి నమ్మకం. పోయింది అతడేననుకుని మర్నాడు ఆమె రేడియోలో ఆ సంగతే పాడింది. లోయంతా ఏడ్చింది.

ఆదివారం ఊరంతా సమాధులకు పూలు పెట్టి, అక్కడే కలిసి తినే రోజు. కోతమిల్లు ఆర్బిన్ అక్కడ గడ్డి మీద కూర్చుని వేయించిన కోడికాలు తింటున్నాడు.

రేడియో నడిపే డెన్వర్ సైజ్‌మోర్ ఆమెను పక్కకు పిలిచాడు. చావు కబురే తప్పయితే రేడియోను ఇక ఎవరూ నమ్మరని, పాటను అందరి ముందూ సరిచేయకపోతే శనివారం రానక్కర్లేదని చెప్పాడు.

"మార్చకు అక్కా," అన్నాడు ఆర్బిన్. "పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఆవిడ నాకోసం ఏడవడం ఇదే మొదలు. నేను పక్కనే కూర్చున్నా ఆపలేదు."

"పాట బాగుండి ఏడ్చాను," అంది అతని భార్య ఓపల్. "తొమ్మిదైతే గానీ లేవవు. తెల్లారకముందే బొగ్గు మోశావంటే నేనెలా నమ్మేది?"

ఆర్బిన్ నమలడం ఆపి, కొత్తగా మట్టి కప్పిన సమాధి వైపు చూశాడు.

"మోసింది బాబాయి. జనం నన్ను మెచ్చుకుంటుంటే కాదనబుద్ధి కాలేదు."

వెర్లీన్ ఆ మట్టి పక్కన నిలబడి పాట మళ్లీ మొదలుపెట్టింది. పాటలో కోతమిల్లు ఉన్న చోట ఈసారి ముసలాయన మోకాలి నొప్పి వచ్చింది. బొగ్గు చరణాల్లో అక్షరం మారలేదు. డెన్వర్ టోపీ తీశాడు. ఆర్బిన్ ప్లేటు కింద పెట్టాడు.

తేలిందేమిటంటే, బొగ్గు మోసినాయన పోయింది నిజమే; వెర్లీన్ ఎవరినీ చంపలేదు. లోయ చేసిన పొరపాటునే తానూ పాడింది. తెలిసిన రోజునే, అందరూ వినేలా, ఒక పంక్తి మార్చింది. తర్వాతి శనివారం ఎప్పటిలాగే వెళ్లి పాడింది.