తమలపాకు తీగకు కంపెనీ కోటు

తమలపాకు తీగను చలికి మాడ్చిన మొనగాడు ఈ ఊళ్ళో ఉంటాడా అంటే, ఉంటాడు. హైటెక్ సిటీ వెనకాల, ఏడో అంతస్తులో. నేనే.

మొక్క మాడాలంటే ఎండ కావాలనుకునే కోస్తా నుంచి వచ్చినవాణ్ణి. మాకు చలికాలమంటే ఫ్యాను ఒక నంబరు తగ్గించడం. అంచేత, ఆ డిసెంబరు సాయంత్రం అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో పక్క ఫ్లాటు అక్క, "ఈ రాత్రి చలి మస్తుగ పడ్తది. మొక్కల మీద పాత చీరలు గిట్ల కప్పుండ్రి" అని వాయిస్ మెసేజ్ పెడితే, నేను ఊరుకోలేకపోయాను. "కొలతలు పంపమంటారా అక్కా, స్వెటర్లు అల్లిస్తారా?" అని రాశాను. గ్రూపంతా నవ్వింది. ఆ నవ్వు బొమ్మలు చూసుకుని కాసేపు మురిసి, ఫోన్‌లో ఊరి ఉష్ణోగ్రత కూడా చూశాను. ఫరవాలేదంది. అది ఊరి లెక్క. చెరువు పక్కన, బండరాళ్ళ మధ్య ఉన్న మా చివరి వీధి లెక్క కాదు. పైగా ఆ రాత్రి ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. మబ్బు కప్పుకోని రాత్రే ఎక్కువ వణికిస్తుందని, రోజంతా క్లౌడ్‌లో ఉద్యోగం చేసే నాకు తెలియలేదు.

అక్కకు తెలుసు. ఈ అపార్ట్‌మెంటు లేవకముందు ఈ నేల వాళ్ళదే. ఇక్కడే కొత్తిమీర, టమాటా పండించారు. ఇప్పుడు కిరాయిలు పండిస్తున్నారు.

తీగ నాది కాదు, మా ఆవిడది. అంతకుముందు ఎన్ని కొమ్మలు నాటినా ఒక్కటీ బతకలేదు. ఇదొక్కటే బాల్కనీ గ్రిల్లు పట్టుకుని పైకి పాకింది. అది పాకిన నాటి నుంచి, శుక్రవారం వచ్చిన ముత్తైదువుల చేతిలో బజారు ఆకు పెట్టనని ఆవిడ పంతం పట్టింది. అలాంటిది, చెల్లెలి కూతురి పురిటికి కాకినాడ వెళ్తూ, "తీగ జాగ్రత్తండీ. మీరెలాగూ ఉంటారు" అని నాకు అప్పగించింది.

తెల్లారి చూస్తే ఆకులన్నీ ఉడికించిన పాలకూరలా వేలాడుతున్నాయి. మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. ఆకులు పోయాయి, వక్కల డబ్బాలో పోకలు మిగిలాయి.

అక్క తన బాల్కనీలోంచి తొంగి చూసింది.

"ఏంది తమ్మీ, స్వెటర్ పొట్టిదైందా?"

"బతుకుతుందంటారా అక్కా?"

"ఇగ ఏడ బతుకుతది! పీకి పారెయ్. చెల్లె ఊరి నుంచి రాంగనే నేను చెప్త తియ్, ఫికర్ చెయ్యకు."

"ఏమని చెప్తారు?"

"మా తమ్మి గ్రూపుల అందర్ని మంచిగ నవ్విచ్చిండని."

సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేసింది. తీగ ఎలా ఉందంది.

"కొంచెం తగ్గింది."

"ఏం తగ్గిందండీ?"

"ఆకులు."

"నేను వచ్చేదాకా పీకకండి" అని పెట్టేసింది.

పీకలేదు. ఆశ వల్ల కాదు, భయం వల్ల. కుండీని గోడ వారకు జరిపాను. కప్పే గుడ్డ మోడుకు తగలకుండా చుట్టూ పుల్లలు గుచ్చాను. ఇక కప్పడానికి చీర వెతుకుతుంటే బీరువాలో కంపెనీ కోటు కనిపించింది. ఇన్నేళ్ళ సేవకు మెచ్చి, ఏదో మంచుదేశం కొలతలతో కుట్టించి ఇచ్చినది. దాన్ని తొడుక్కునే చలి నాకు ఎప్పుడూ రాలేదు. తీగకు వచ్చింది. పొద్దుగూకేసరికి తొడిగి జిప్పు లాగడం, ఎండ రాగానే విప్పడం, మధ్యాహ్నం కాసిని నీళ్ళు. ఛాతీ మీద కంపెనీ గుర్తుతో అది ఉద్యోగిలాగే నిలబడేది. నాకంటే బుద్ధిగా.

"మీ చిన్నసారు నైట్ షిఫ్టుకు ఎక్కిండా?" అని అక్క రోజూ సాయంత్రం అడిగేది.

మా ఆవిడ వచ్చింది. పెట్టె గుమ్మంలోనే వదిలి బాల్కనీలోకి నడిచింది. మోడును గోటితో కొంచెం గీకింది. నేను లోపలి నుంచే చూస్తున్నాను.

"అడుగున పచ్చగానే ఉందండీ" అంది. ఆ సాయంత్రం కోటు జిప్పు తనే పైదాకా లాగింది.

శివరాత్రి వెళ్ళాక, మట్టికి దగ్గరగా ఒక కణుపు దగ్గర చిన్న మొన పొడుచుకొచ్చింది. మా ఆవిడ నన్ను ల్యాప్‌టాప్‌లో ఆఫీసు మీటింగు మధ్యలోంచి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి చూపించింది. వేసవిలో తడి గోనెపట్టా నీడన పెరిగి, వానలు మొదలయ్యేసరికి తీగ మళ్ళీ గ్రిల్లు అందుకుంది.

మొదటి ఆకులు అక్కకే ఇవ్వాలంది మా ఆవిడ. చలి సంగతి ముందే చెప్పింది అక్కే కదా, న్యాయమే. కాకపోతే కిళ్ళీ నేనే కడతానన్నాను. శ్రద్ధగా ఆకు తుడిచి, ఈనె తీసి, సున్నం రాసి, వక్కపలుకులు పెట్టి, మడిచి పళ్ళెంలో పెట్టుకుని వెళ్ళాను.

"పీకి పారెయ్యమన్న తీగ ఆకు, అక్కా. తినండి."

అక్క నవ్వుతూ బుగ్గన పెట్టుకుంది. నాలుగుసార్లు నమిలింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"అబ్బబ్బ, నోరంత మండె! ఇంత సున్నం పూసినవేంది తమ్మీ!"

"కొలతలు మీరు పంపలేదు కదక్కా" అన్నాను. చక్కెర డబ్బాతో మా ఆవిడ అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది.