చివరి క్వార్టర్ అక్క

భూగర్భ బొగ్గు గని మూతపడ్డాక మా కాలనీ దాదాపు ఖాళీ అయింది. మళ్లీ జనాన్ని రప్పించాలని ప్రభుత్వం క్వార్టర్లకు రంగులు వేయించింది, రోడ్డు బాగుచేసింది, అద్దె తగ్గించింది. ఇల్లు చూడ్డానికి ఎవరొచ్చినా మా వరుస చివర ఒంటరిగా ఉండే అక్క చాయ్ పెట్టి, "గాలి మంచిగొస్తది, నీళ్లకు ఫికర్ లేదు" అని బతిమాలినట్టు చెప్పేది.

ఒకనాడు చంటిబిడ్డతో ఓ జంట వచ్చింది. ఇల్లు వాళ్లకు నచ్చింది. అంతలో పక్కనే ఇంకా నడుస్తున్న ఓపెన్‌కాస్ట్ గనిలో, పైనుంచి తవ్వే బొగ్గు కోసం, బ్లాస్టింగ్ జరిగింది. గోడలు అదిరాయి. బిడ్డ ఉలిక్కిపడి ఏడ్చింది.

"రోజూ గిట్లనేనా అక్కా?" అని ఆ తల్లి అడిగింది.

అక్క బిడ్డ వీపు నిమిరింది. తర్వాత, "రోజూ గిట్లనే. పసిపిల్లతోని ఈడికి రాకు చెల్లె" అంది.

వాళ్లు వెళ్లిపోయాక గ్లాసులు తీస్తూ, "వాళ్లొస్తే నేను సుత ఈడనే ఉందామనుకున్న" అంది నాతో. ఆ నెలాఖరుకే మందమర్రిలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయింది.