కరెంటు తక్కువ

2004 నవంబరులో నన్ను దక్షిణ ఢిల్లీలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి నిర్వహణ విభాగానికి ఎలక్ట్రికల్ అసిస్టెంట్ ఇంజనీరుగా వేశారు. ఆర్.కె. పురం క్వార్టర్సు నుంచి ఒక్క బస్సు. అంతకన్నా ఏం కావాలి? నా పైన ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, కింద ఇద్దరు జూనియర్ ఇంజనీర్లు, తొమ్మిదిమంది వైర్‌మన్లు. వార్డుల్లో ఏది చెడినా నర్సులు ఫిర్యాదుల రిజిస్టరులో రాసేవారు. మేం వెళ్లి చూసి, పక్క గడిలో ఫలితం రాసి సంతకం పెట్టేవాళ్లం. ఆ సంతకంతో ఫిర్యాదు ముగిసినట్టే.

డిసెంబరులో ఆపరేషన్ థియేటరు స్టెరిలైజరు మీద ఫిర్యాదు వచ్చింది. కత్తెరలు, గుడ్డలు ఆవిరితో శుద్ధి చేసే పెద్ద డ్రమ్ము అది. రిజిస్టరులో ఇంగ్లీషులో రెండే మాటలు: లో కరెంట్.

నర్సులు కూడా మా భాషలో రాస్తున్నారే అని ముచ్చటపడ్డాను. మా భాషలో కరెంటు అంటే తీగలో పారేది, ఆంపియర్లలో కొలిచేది. హీటరు మీద 230 వోల్టులు, 3000 వాట్లు అని రాసి ఉంది. వాట్లను వోల్టులతో భాగిస్తే పదమూడు ఆంపియర్లు. అంతకు తగ్గితే హీటరు తీగ పాడై దాని నిరోధం పెరిగిందేమో అనుకోవాలి. పొద్దున పదకొండింటికి వైర్‌మన్ రాంసింగ్‌తో వెళ్లాను. తీగ చుట్టూ పట్టుకుని ఆంపియర్లు చూపించే క్లాంప్ మీటరు అప్పట్లో నా దగ్గర కొత్తది. ఎప్పుడెప్పుడు బయటికి తీద్దామా అని ఉండేది. సరిగ్గా పదమూడు చూపించింది.

"సాబ్, కరెంట్ తో ఠీక్ హై," అన్నాడు రాంసింగ్, కరెంటు బాగానే ఉందని.

'పరీక్షించాం, సక్రమంగా ఉంది' అని రాసి చేతులు దులుపుకున్నాను.

పది రోజులకు ఆ ఫిర్యాదు రాసిన నర్సే నా గదికి వచ్చింది. సిస్టర్ సుగుణ, పాలకొల్లు వైపు అమ్మాయి. ఉద్యోగంలో చేరి రెండేళ్లు కావస్తోంది, ఇంకా ప్రొబేషనులోనే ఉంది. ఎక్స్‌రే కవరులోంచి తన పైవాళ్లు ఇచ్చిన మెమో ఒకటి తీసి నా ముందు పెట్టింది. పొద్దున ఐదున్నరకు స్టెరిలైజరు స్విచ్ వేస్తే ఆరింటికి ఆవిరి సిద్ధం కావాలి. రోజూ ఆరుంపావు దాటుతోంది. యంత్రం సక్రమంగా ఉందని ఇంజనీరింగ్ విభాగం ధ్రువీకరించింది కనుక ఈమె ఆలస్యంగా స్విచ్ వేస్తోందని నిర్ధారణ. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే ప్రొబేషను రద్దు, అంటే ఉద్యోగం పోయినట్టే. నా వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశారు.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "నేను ఐదున్నరకే స్విచ్ ఏత్తన్నానండి. పొద్దున్నే కరెంటు తక్కువొత్తందండి. గదిలో బల్బు కూడా ఎర్రగా ఎలుగుతాదండి," అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. మన ఇళ్లలో కరెంటు అంటే ఆంపియర్లు కాదు. తీగలో వచ్చేదంతా కరెంటే. కరెంటు పోయింది అంటాం, కరెంటు డిమ్ముగా ఉంది అంటాం. మా ఆవిడ ఆ మాట అంటే నేనేమీ క్లాంప్ మీటరు తీయను. సుగుణ తెలుగులో అనుకుని ఇంగ్లీషులో రాసింది. తెలుగువాణ్నయ్యుండీ నేను దాన్ని ఇంగ్లీషులోనే చదివాను. ఆమె చెప్పింది వోల్టేజి గురించి, అదీ పొద్దుటి వోల్టేజి.

మర్నాడు పొగమంచులో ఆటో పట్టుకుని ఐదుంపావుకే చేరాను. ఐదున్నరకు సుగుణ నా ఎదుటే స్విచ్ వేసింది. వోల్టేజి 184, ఆంపియర్లు 10.4. వోల్టులను ఆంపియర్లతో భాగిస్తే నిరోధం, 17.7 ఓములు వచ్చింది. 230ని పదమూడుతో భాగించినా అంతే. కాబట్టి హీటరు తీగకు ఏ రోగమూ లేదు. ఇక వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు: మూడు వేలు రావలసిన చోట పంతొమ్మిది వందల చిల్లర. వోల్టేజి ఐదో వంతే తగ్గినా, దానితోపాటు ఆంపియర్లూ తగ్గుతాయి కనుక వేడి మూడో వంతుకు పైగా పడిపోతుంది. ముప్పై నిమిషాల పని నలభై ఏడు నిమిషాలు పట్టాలి. గడియారం చూస్తే నలభై తొమ్మిది పట్టింది. గోడలకూ గాలికీ పోయే వేడిని నేను లెక్కలో వేయలేదు.

కారణం పక్క భవనంలోని నర్సుల హాస్టలు. ఆ చలిలో తెల్లవారుజామున అక్కడి గీజర్లన్నీ ఒక్కసారే ఆన్ అయ్యేవి, అన్నీ స్టెరిలైజరు ఉన్న లైను మీదే. పదకొండింటికి ఒక్క గీజరూ పని చేయదు.

లైను మార్పించడం రెండు రోజుల పని. రిజిస్టరు సంగతే చిక్కు. పాత రాత జోలికి పోకుండా లైను మార్చి ఊరుకోమని ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు మంచిగానే చెప్పారు. సొంత సంతకాన్ని సొంత చేత్తో కొట్టేయడం నాకూ సిగ్గుగానే ఉంది. కానీ మెమోలో ఆమెను పట్టించింది ఆ సంతకమే. నా వాక్యం కింద రెండు రీడింగులూ వాటి గంటలతో, లెక్కతో సహా వేసి, 'పై ఫలితం ఉపసంహరించుకుంటున్నాను' అని రాశాను. ఆ పేజీ నకలు ఆమె సంజాయిషీకి జతచేశారు. మెమో రద్దయింది, ప్రొబేషను గడువుకే ముగిసి ఉద్యోగం ఖాయమైంది.

ఆ తరవాత ఒకసారి వరండాలో ఎదురైతే, వోల్టేజి బాగుందా అని అడిగాను.

"వోల్టేజి నాకు తెలవదండి. కరెంటు మటుకు బాగా వత్తంది," అంది నవ్వుతూ.

ఆ లెక్క చేయడానికి పదో తరగతి చదువు చాలు. నాకు తక్కువైంది లెక్క కాదు. పదకొండింటి నా పదమూడు ఆంపియర్లూ తప్పు కావు. ఫిర్యాదు ఏ వేళదో అడగకుండా నాకు వీలైన వేళకు వెళ్లి కొలిచాను. ఆ నెల నుంచి మా రిజిస్టరులో ఫలితం పక్కన 'ఎన్ని గంటలకు' అని ఒక గడి గీయించాను. నేను రిటైరయిన రోజు వరకు ఆ గడి ఖాళీగా ఉంటే సంతకం పెట్టలేదు.